బుల్లెట్ రైలు గిరాకీ లెక్కలో కూలివాడు ఎక్కడ?

2026 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ దేశంలో ఏడు హైస్పీడ్ రైలు మార్గాలు వేస్తామని ప్రకటించారు. వాటిలో మూడింటికి మనతో సంబంధం ఉంది: పుణె-హైదరాబాదు, హైదరాబాదు-బెంగళూరు, హైదరాబాదు-చెన్నై. ఇక ప్రచారానికి కొదవ లేదు. దేశం ముందుకు దూకుతుందని ఒకరు, భూముల ధరలు ఆకాశానికి పోతాయని మరొకరు. స్టేషను ఎక్కడ వస్తుందన్న కబురు పుట్టగానే భూముల బేరగాళ్లు ఊళ్ల మీద పడడం మనకు కొత్త కాదు.

మేము రైలుకు వ్యతిరేకులం కాము. రైలు ఆగని ఊరి బాధ ఏమిటో పల్లెలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అయితే ప్రజల సొమ్ముతో, రైతు భూమితో వేసే ఏ మార్గానికైనా ముందు ఒక ప్రశ్న వేయాలి. దీన్ని ఎక్కేవాళ్లు ఎవరు? ఎంతమంది? చదువుకున్న పెద్దలు దీన్ని 'డిమాండ్ అంచనా' అంటారు. సంతభాషలో చెప్పాలంటే గిరాకీ లెక్క. గిరాకీ చూసుకోకుండా కూరగాయలు అమ్మే అవ్వ కూడా గంప ఎత్తదు. లక్ష కోట్లు పెట్టే ప్రభుత్వం ఈ లెక్క ఎలా కడుతోందో మనం పరిశీలించాలి.

గంటకు ఎంత ఖరీదు?

లెక్క కట్టే పద్ధతిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ముందుగా రెండు నగరాల మధ్య రైళ్లలో, బస్సుల్లో, కార్లలో, విమానాల్లో ఇప్పుడు తిరుగుతున్నవాళ్లు ఎంతమందో కూడతారు. వచ్చే ఇరవై, ముప్పై ఏళ్లలో దేశాదాయం ఏటా ఇంత శాతం పెరుగుతుందనుకుని, ప్రయాణీకులను కూడా ఆ మేరకు పెంచుకుంటూ పోతారు. ఆ తర్వాత, కొత్త రైలు వస్తే వీళ్లలో ఎంతమంది అటు మారతారో చూస్తారు.

ఇక్కడే 'కాలం విలువ' అనే మాట వస్తుంది. ఒక గంట ఆదా చేసుకోవడానికి మనిషి ఎన్ని రూపాయలు ఇస్తాడో అదే అతని గంట విలువ. సంపాదన ఎక్కువ ఉన్నవాడి గంట ఖరీదెక్కువ. కూలివాడి గంట చవక.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. దేశంలో మొదటి బుల్లెట్ రైలు మార్గం బొంబాయి-అహ్మదాబాదు. దాని టికెట్టు సుమారు 3,000 రూపాయలు ఉంటుందని 2018లో ఆ రైలు కార్పొరేషన్ అధిపతి చెప్పారు. అదే దూరానికి మామూలు రైలు స్లీపరు టికెట్టు మూడు, నాలుగు వందలు. మామూలు రైలుకు ఆరేడు గంటలు పడితే దీనికి రెండు మూడు గంటలు. అంటే నాలుగు గంటలు మిగలడానికి అదనంగా 2,600 రూపాయలు ఇవ్వాలి. గంటకు 650 రూపాయలు.

ఇక మన వైపు చూడండి. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటల పని లెక్కన గంటకు 38 రూపాయలు. 38 రూపాయలకు గంట అమ్ముకునే మనిషి 650 ఇచ్చి గంట కొంటాడా? ఒక్క టికెట్టుకు దాదాపు పది రోజుల కూలి పోయాలి. కాబట్టి ఈ లెక్కలో కూలివాడు, సన్నకారు రైతు సున్నాతో సమానం. ఇందులో ఏ అధికారి కుట్రా లేదు. పద్ధతే అలాంటిది. మార్కెట్టు దృష్టిలో చేతిలో డబ్బున్న అవసరమే గిరాకీ. డబ్బులేనివాడి అవసరం అవసరమే కాదు.

పోనీ, డబ్బున్నవాళ్లనైనా సరిగా లెక్కపెడుతున్నారా? డెన్మార్కు పరిశోధకుడు బెంట్ ఫ్లూబియెర్, ఆయన సహచరులు 14 దేశాల్లోని 210 రోడ్డు, రైలు ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. రైలు ప్రాజెక్టుల్లో పదింట తొమ్మిదింటికి గిరాకీని పెంచి చూపారని తేలింది. సగటున చూస్తే, వందమంది ఎక్కిన చోట రెండు వందల పైచిలుకు మంది ఎక్కుతారని ముందు చెప్పారు. తప్పు లెక్క అయితే ఒకసారి ఎక్కువా, ఒకసారి తక్కువా రావాలి కదా? ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంటే అది తప్పు కాదు. ప్రాజెక్టు కావాలనుకున్నవాళ్ల అవసరానికి తగ్గట్టు తూకం వేయడమే.

బొంబాయి-అహ్మదాబాదు ఏం చెబుతోంది?

ఈ మార్గానికి 2017 సెప్టెంబరు 14న ప్రధాని మోడీ, జపాన్ ప్రధాని షింజో అబే శంకుస్థాపన చేశారు. పొడవు 508 కిలోమీటర్లు, స్టేషన్లు 12. మొదటి అంచనా 1 లక్షా 8 వేల కోట్ల రూపాయలు, అంటే కిలోమీటరుకు 200 కోట్లకు పైన. ఇందులో 81 శాతం జపాన్ అప్పు. వడ్డీ నూటికి పది పైసలు, గడువు 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు అసలు కట్టనక్కర్లేదు. ఊరికే ఇచ్చినట్టే కదా అని మంత్రులు మురిసిపోయారు. కాని తీర్చాల్సింది రూపాయల్లో కాదు, జపాన్ యెన్‌లలో. యాభై ఏళ్ల తర్వాత రూపాయి ఎక్కడుంటుందో ఎవరు చెప్పగలరు? మొదటి ప్రణాళికలో రైళ్లూ, కీలకమైన సాంకేతిక పరిజ్ఞానమూ జపాన్‌వే. అప్పిచ్చినవాడి దుకాణంలోనే సరుకు కొనడం మన పల్లెల్లో వడ్డీ వ్యాపారి దగ్గర ఎరువు కొన్నట్టే ఉంది.

2023 కల్లా రైలు నడవాలన్నారు. నడవలేదు. వాపి-సబర్మతి భాగం 2027 డిసెంబరుకు, మొత్తం మార్గం 2029 డిసెంబరుకు పూర్తవుతుందని 2025లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

ఇక గిరాకీ లెక్క. అధికారిక అంచనాలో మొదటి ఏడాది రోజుకు ఒక్కోవైపు 17,900 మంది, అంటే రెండువైపులా కలిపి 35,800 మంది ఎక్కుతారు. పదేళ్లకు, అంటే 2033 నాటికి, 63,400 మంది. 2053 నాటికి 1,85,800 మంది. ముప్పై ఏళ్లలో అయిదింతలకు పైన పెరగాలన్నమాట. ఇంకోవైపు అహ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ పరిశోధకులు 2016లో వేరే లెక్క కట్టారు. 300 కిలోమీటర్లకు 1,500 రూపాయల టికెట్టు పెట్టినా, అప్పు సకాలంలో తీరాలంటే రోజుకు 88 వేల నుంచి 1 లక్షా 18 వేల మంది దాకా ఎక్కాలని తేల్చారు. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టండి. సర్కారువారి సొంత అంచనా ప్రకారమే పదేళ్లు నడిచాక కూడా కావలసినంత జనం ఎక్కరు. ఆ లోటు ఎవరు పూడుస్తారు? ఖజానా పూడుస్తుంది. ఖజానాలోకి డబ్బు ఎవరు వేస్తున్నారు? ఉప్పు, పప్పు, చెప్పులు కొనే ప్రతివాడూ వేస్తున్నాడు.

ఇంకో ముచ్చట. 2017లో సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం, ఆ ఏడాది జూలై-సెప్టెంబరు నెలల్లో బొంబాయి నుంచి అహ్మదాబాదు పోయే రైళ్లలో 40 శాతం, తిరిగి వచ్చే రైళ్లలో 44 శాతం సీట్లు ఖాళీ. రైల్వేవారు తర్వాత అది సరికాదని, రైళ్లు నిండుగానే నడుస్తున్నాయని ఖండించారు. ఎవరి మాట నిజమో అలా ఉంచండి. ఇవాళ నడుస్తున్న రైలులో ఎంతమంది కూర్చున్నారో దాని మీదే ఏకాభిప్రాయం లేనప్పుడు, 2053లో కూర్చోబోయేవాళ్లను వందల స్థానం దాకా ఎలా చెప్పగలుగుతున్నారు?

ఇండోనేషియా నేర్చుకున్న పాఠం

మనలాంటి దేశాల్లో ఇప్పటికే ఈ రైలు నడుపుతున్నది ఇండోనేషియా. జకార్తా-బాండుంగ్ మార్గం, 142 కిలోమీటర్లు, 2023 అక్టోబరులో మొదలైంది. ఈ కాంట్రాక్టు కోసం జపాన్, చైనా పోటీపడ్డాయి. 2015లో చైనాకు దక్కింది. కారణం, ప్రభుత్వం పూచీ పడనక్కర్లేదు, ఖజానా నుంచి పైసా పెట్టనక్కర్లేదు అన్న హామీ. ఖర్చు పెరిగింది. అనుకున్నదాని కంటే 120 కోట్ల డాలర్లు ఎక్కువై 720 కోట్ల డాలర్లు దాటింది. 2021లో ప్రభుత్వ సొమ్ము వాడడానికి వీలుగా అధ్యక్షుడే ఉత్తర్వు జారీ చేశారు. అప్పటి హామీ అలా నీటి మీద రాత అయింది.

గిరాకీ ఏమైంది? మొదటి అధ్యయనంలో రోజుకు 60 వేలకు పైగా ఎక్కుతారన్నారు. ఆ తర్వాత దాన్ని దాదాపు సగానికి దించారు. నిజంగా 2024లో ఎక్కినవాళ్లు ఏడాది మొత్తానికి సుమారు 60 లక్షలు, అంటే రోజుకు 16, 17 వేలు. రైలు బాగులేక కాదు. ముప్పావుగంటలో పోతుంది, శుభ్రంగా ఉంటుంది. కాని రెండు ఊళ్ల మధ్య దూరమే తక్కువ, మామూలు రైలు మూడు గంటల్లో దింపుతుంది. ఈ రైలు బాండుంగ్ నడిబొడ్డుకు పోదు. పడలరంగ్‌లో దిగి ఇంకో రైలు మారాలి. మిగిలిన సమయం మారడంలో కరిగిపోతుంది. 2025 అక్టోబరులో ఈ అప్పు ఖజానా నుంచి కట్టేది లేదని ఆర్థిక మంత్రి మొండికేశారు. మరుసటి నెలలోనే బాధ్యత ప్రభుత్వానిదేనని అధ్యక్షుడు ప్రబోవో చెప్పాల్సి వచ్చింది. గిరాకీ లెక్క తప్పితే చివరికి బిల్లు ఎవరి గుమ్మం దగ్గర ఆగుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

చైనా మాట ఏమిటంటారా?

కొందరు మిత్రులు అడుగుతారు: చైనాలో ఇది విజయవంతం కాలేదా అని. అయింది, కొంతవరకు. 2008లో బీజింగ్-తియాన్‌జిన్‌తో మొదలుపెట్టి 2024 చివరికి 48 వేల కిలోమీటర్లు వేశారు. బీజింగ్-షాంఘై మార్గం లాభాల్లో ఉంది. అక్కడ ఒకే నమూనాలో వేల కిలోమీటర్లు కట్టారు. పరికరాలు స్వదేశంలోనే తయారుచేసుకున్నారు. అందువల్ల కిలోమీటరు ఖర్చు ఇతర దేశాల్లో అయ్యేదానిలో మూడింట రెండొంతులేనని, టికెట్టు ఇతర దేశాలతో పోలిస్తే బాగా చవకని 2019లో ప్రపంచ బ్యాంకు అధ్యయనం తెలిపింది. పెద్ద పెద్ద నగరాలు ఒకే వరసలో దగ్గరగా ఉండడం ఇంకో కారణం.

కాని ఆ నాణేనికి రెండోవైపూ చూడాలి. జనం పలచగా ఉన్న పడమటి ప్రాంతపు మార్గాలు నష్టాల్లో ఉన్నాయి. రైల్వే నెత్తిన లక్షల కోట్ల యువాన్ల అప్పు ఉంది. 2010, 2011 ప్రాంతంలో కొత్త మార్గాలు వచ్చిన చోట చవక రైళ్లు తగ్గిపోయి, పండక్కి సొంతూళ్లకు పోయే వలస కార్మికులు బస్సులెక్కాల్సి వచ్చింది, గొడవ లేచింది. ఇప్పటికీ కొన్ని నెమ్మది రైళ్లను అక్కడి ప్రభుత్వం నష్టానికే నడుపుతోంది. సిచువాన్ రాష్ట్రం లియాంగ్‌షాన్ కొండల్లో యీ జాతి రైతులు పందులు, కోళ్లు, కూరగాయల గంపలు వేసుకుని సంతకు పోయే రైలు ఒకటుంది. కనీస టికెట్టు 2 యువాన్లు. గిరాకీ లెక్క ప్రకారం ఆ రైలు ఎప్పుడో ఆగిపోవాలి. ఆగలేదు, ఎందుకంటే దాన్ని వ్యాపారంగా కాక బాధ్యతగా చూశారు. చైనా నుంచి నేర్చుకోవలసింది ఉంటే వేగం ఒక్కటే కాదు, ఇది కూడా.

మన చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1853లో బొంబాయి-ఠాణా మధ్య మొదటి రైలు నడవకముందు, ఇంత పేద దేశంలో రైలెక్కేవాళ్లు ఎవరుంటారని తెల్లదొరల్లో చాలామంది అనుమానపడ్డారు. సరుకు రవాణానే ఆదాయమనుకున్నారు. తీరా మూడో తరగతి టికెట్టు పెడితే జనం విరగబడ్డారు. ప్రయాణీకుల్లో నూటికి తొంభైకి పైగా మూడో తరగతివాళ్లే అయ్యారు. గిరాకీ ఆకాశంలోంచి ఊడిపడదు. టికెట్టు ధరే దాన్ని పుట్టిస్తుంది, ధరే దాన్ని చంపుతుంది.

లెక్కలోకి రాని మనుషులు

ఎక్కేవాళ్లను 2053 దాకా లెక్కపెట్టిన ప్రభుత్వం, ఈ రైలు కింద బతుకు పోగొట్టుకునేవాళ్లను ఎందుకు లెక్కపెట్టలేదు? అసలు సంగతి ఇక్కడుంది.

బొంబాయి-అహ్మదాబాదు మార్గానికి సుమారు 1,390 హెక్టార్ల భూమి కావాల్సి వచ్చింది. మన లెక్కలో 3,400 ఎకరాల పైచిలుకు. దక్షిణ గుజరాత్‌లో మామిడి, సపోటా తోటలు, మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో ఆదివాసీల పొలాలు ఇందులో పోయాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి. ఊళ్లో బహిరంగ విచారణ జరపాలి. నివేదికను స్థానిక భాషలో పంచాయతీకి ఇవ్వాలి. ఆ చట్టంలో 'బాధిత కుటుంబం' అంటే పట్టాదారు ఒక్కడే కాదు. సెంటు భూమి లేకపోయినా, అక్కడ మూడేళ్లుగా పనిచేస్తూ దాని మీదే బతుకుతున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు, పాలికాపు, చేతివృత్తివాడు కూడా బాధితుడే. పోరాడి సాధించుకున్న ఈ రెండు వాక్యాల విలువ మన కార్యకర్తలు గుర్తుంచుకోవాలి.

అయితే గుజరాత్ ప్రభుత్వం 2016లో చట్టాన్ని సవరించి ఇలాంటి ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అధ్యయనం నుంచి మినహాయింపు ఇచ్చుకుంది. అధ్యయనం లేకపోతే భూమిలేని కూలీ పేరు ఏ కాగితం మీదా ఎక్కదు. పట్టాదారుకు చెక్కు వస్తుంది, చాలీచాలకపోయినా. అదే తోటలో కాయ కోసి బతికే మనిషికి సోమవారం నుంచి పని ఉండదు, అంతే. రైతులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరులో కోర్టు వాళ్ల పిటిషన్లను కొట్టేసింది.

ఇది గుజరాత్ గొడవలే అనుకుని ఊరుకోవడానికి లేదు. 2017లో తెలంగాణ, 2018లో ఆంధ్రప్రదేశ్ ఇదే దారిలో చట్టాన్ని సవరించుకున్నాయి. రేపు హైదరాబాదు మార్గాలకు రైల్వే చట్టం కిందనే నేరుగా భూమి తీసుకున్నా సామాజిక అధ్యయనం ఉండదు, పరిహారం షెడ్యూళ్లు మాత్రమే వర్తిస్తాయి. ఏ దారిన పోయినా కూలివాడి పేరు జారిపోయే ప్రమాదం ఉంది.

ఈ విషయంలో పార్టీల రంగు చూడనక్కర్లేదు. కేరళలో తిరువనంతపురం-కాసరగోడ్ 530 కిలోమీటర్ల సిల్వర్‌లైన్‌ను తలపెట్టింది వామపక్ష ప్రభుత్వమే. 2022లో సర్వేరాళ్లు పాతడానికి వస్తే సామాన్యులే అడ్డం పడ్డారు. ముందుగా ప్రజలతో మాట్లాడకుండా రాయి పాతితే, పాతినవాడెవడైనా జనం పీకేస్తారు. ఈ పాఠం మన శిబిరానికీ వర్తిస్తుంది.

మరి మన రైలు గిరాకీ?

గిరాకీ లేదని ఎవరన్నారు? కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పిల్లాపాపలతో గుంటూరు మిరప కోతలకు పోయే కూలీలను అడగండి. పాలమూరు నుంచి బొంబాయి, పుణె పనులకు వలసపోయే కుటుంబాలను అడగండి. జనరల్ బోగీ తలుపు దగ్గర ఒంటికాలి మీద రాత్రంతా నిలబడి పోయేవాళ్లది గిరాకీ కాదా? 2020లో కోవిడ్ పేరుతో పాసింజరు రైళ్లు ఆపి, మళ్లీ నడిపినప్పుడు వాటికి 'స్పెషల్' అని పేరు తగిలించి 10 రూపాయల కనీస టికెట్టును 30 చేశారు. 2024 ఫిబ్రవరి దాకా పాత రేటు తిరిగి రాలేదు. రైలు అదే, వేగం అదే, ధర మూడింతలు.

2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక పాసింజరు రైలును వెనకనుంచి ఇంకో పాసింజరు రైలు గుద్దింది. 14 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 2న ఒడిశా బాలాసోర్ దగ్గర జరిగిన ప్రమాదంలో మృతులు 290కి పైన, వారిలో వలస కార్మికులు ఎందరో. ఉన్న పట్టాల మీద, ఉన్న సిగ్నళ్ల మీద, ఉన్న సిబ్బంది ఖాళీల మీద పెట్టాల్సిన డబ్బు ముందు వాటి మీద పెట్టమనడం అభివృద్ధికి అడ్డుపడడం కాదు.

ఏం అడగాలి, ఏం చేయాలి?

హైదరాబాదు మార్గాల పేరుతో సర్వేవాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయాలి. గిరాకీ అంచనా మొత్తం తెలుగులో గ్రామసభ ముందు పెడతారా? టికెట్టు ఎంత అనుకుని ఆ అంచనా వేశారు? అంచనా తప్పితే అప్పు ఎవరు కడతారు? భూమి ఏ చట్టం కింద తీసుకుంటారు, సామాజిక ప్రభావ అధ్యయనం చేస్తారా లేదా?

జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మార్గం ఎటు పోతుందో ఖాయం కాకముందే మన లెక్క మనం రాసుకోవాలి. ప్రతి ఊళ్లో సంఘం ఒక నోటుపుస్తకం తెరవాలి. ఎవరు, ఎవరి పొలంలో, ఏ పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారో పేరుపేరునా ఎక్కించాలి. ఆడకూలీల పేర్లు భర్త పేరు కింద కలిపేయకుండా విడిగా రాయాలి. ఉపాధి హామీ జాబ్ కార్డు నెంబరు, ఆంధ్రలో కౌలుదారులకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం ఉంటే ఆ నెంబరు, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాలి. చట్టం మూడేళ్లు అంటోంది కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టిన పుస్తకమే అప్పటికి పనికొస్తుంది. గ్రామసభలో చదివించి తీర్మానం చేయించి, ఒక నకలు పంచాయతీలో, ఒకటి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి.

ఎక్కేవాళ్ల జాబితా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. పోగొట్టుకునేవాళ్ల జాబితా మన దగ్గర ఉండాలి. రేపు బల్లకు ఇటువైపు కూర్చుని మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ నోటుపుస్తకమే మన బలం.